మూత తీసి చూసినావా?

పోయిన నెల అమ్మ చిత్తూరు నుంచి వస్తే కొండకి తీసుకెళ్లాను. దర్శనం బాగానే అయింది, లడ్డూలు దొరికాయి, కథంతా దిగేటప్పుడే. మన కొండకి ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు అని తెలిసిందే కదా. దిగేది 1944లో వేసిన పాత రోడ్డు, 36 మెలికలు. 40 నిమిషాలకంటే ముందే అలిపిరి చేరితే ఫైన్ అని రూలు, కాబట్టి ఎవరూ వేగంగా రారు, అందరూ ఒకరి వెనక ఒకరు బ్రేకు మీద కాలు పెట్టుకుని నిదానంగా జారుతుంటారు. నేనూ అంతే. మూడో గేర్లో ఉన్నాను, ముందు ఒక టెంపో ప్రతి మలుపులోనూ దాదాపు ఆగిపోతోంది, వెనక సీట్లో అమ్మ కునుకు తీస్తోంది. మోకాళ్ల పర్వతం దాటి ఇంకొన్ని మలుపులు తిరిగాక ఏదో కాలిన వాసన. ముందు బండిదేమో అనుకున్నా. ఆ తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. తడిసిన స్పాంజిని తొక్కినట్టు మెత్తగా ఇంకో రెండంగుళాలు కిందికి పోయింది.

టకటకా రెండుసార్లు కొట్టేసరికి పైకి వచ్చింది. రెండో గేరు, మరీ వాలు ఉన్న చోట ఒకటో గేరు, ఇంజిన్ మూలుగుతుంటే అలాగే పట్టుకుని కిందికి వచ్చేశాను. కపిలతీర్థం రోడ్డులో ఒక చెట్టు కింద ఆపి టెంకాయ నీళ్లు తాగుతూ అరగంట కూర్చున్నాం. ముందు చక్రాల దగ్గరికి చేయి పోనిస్తే పెనం సెగ. అమ్మకి విషయం చెప్పలేదు, "బండికి కొంచెం రెస్ట్" అన్నాను. అరగంటయ్యాక తొక్కి చూస్తే పెడల్ ఏమీ జరగనట్టు గట్టిగా నిలబడింది.

అసలు భయపడాల్సింది ఇక్కడే. చల్లారితే సర్దుకుంటుంది కాబట్టి మనం మర్చిపోతాం. జరిగింది ఏమిటంటే బ్రేక్ ఆయిల్ మరిగింది. ఆయిల్ అంటున్నాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం, గాలిలో తేమని మెల్లగా తాగుతూనే ఉంటుంది. డాట్ 4 రకం అయితే డబ్బా తెరిచిన కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. అదే ఆయిల్లో 3.7 శాతం నీళ్లు చేరాక ఆ లెక్క 155 డిగ్రీలకి పడిపోతుంది. ఘాట్లో బ్రేకు మీదే బండిని ఆపుకుంటూ దిగితే ప్యాడ్ల వేడి, వాటిని నొక్కే క్యాలిపర్‌లో ఉన్న ఆయిల్‌కి ఎక్కుతుంది, పాత ఆయిల్ ఆవిరి బుడగలు కడుతుంది, ద్రవం నొక్కితే నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, మన కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే అది వేరే రోగం, ప్యాడ్లు వేడికి పట్టు వదిలేయడం. నాది మెత్తబడిన పెడల్, అంటే ఆయిలే. చాలా బండ్లకి రెండేళ్లకోసారి మార్చమంటారు. మాది 2019 బండి, నాకు తెలిసి ఒక్కసారి కూడా మార్చలేదు. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా ఇంజిన్ ఆయిల్ గురించి వంద ప్రశ్నలు అడిగిన మనిషిని, దీని గురించి ఒక్కసారీ అడగలేదు.

రెండు షెడ్లలో అడిగాను. ఒకాయన "పైన కొంచెం పోసేస్తే చాలు మేడం" అన్నాడు. ఇంకొకాయన "ఇది ఏబీఎస్ బండి, కంప్యూటర్ పెట్టకుండా నిప్పల్ విప్పకూడదు, రెండు రోజులు వదిలిపెట్టి పోండి" అన్నాడు. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు, నిప్పల్ అంటే చక్రం దగ్గర ఆయిల్‌ని బయటికి వదిలే చిన్న స్క్రూ. ఇంటికొచ్చి నేనే చేస్తానంటే, బెంగళూరు ఉద్యోగం ఇక్కడి నుంచే ల్యాప్‌టాప్‌లో చేసుకుంటున్న మా తమ్ముడు కూడా అదే మాట. "అక్కా, ఏబీఎస్ ఉంటే ఇంట్లో చేయకూడదంట, వీడియోలో చెప్పినారు."

నాకు ఈ పని కొత్త కాదు. మా నాయన చిత్తూరులో అంబాసిడర్ ట్యాక్సీ తోలేవాడు, కాణిపాకం, తిరుపతి, వేలూరు ఆసుపత్రి ట్రిప్పులు. వానాకాలం ముందు ఒక ఆదివారం బండిని వేపచెట్టు కిందికి తోసి బ్రేకుల పని పెట్టుకునేవాడు. నాకు తొమ్మిదో పదో ఏళ్లు. సీటు అంచున కూర్చుంటేనే కాలు పెడల్‌కి అందేది. ఆయన చక్రం పక్కన పడుకుని మూడే మాటలు చెప్పేవాడు. తొక్కు. పట్టు. ఇడుచు. "పట్టు" అన్నప్పుడు ఆయన నిప్పల్ వదులు చేస్తే నా కాలి కింద పెడల్ మెల్లగా కుంగిపోయేది, ఆయన బిగించాక "ఇడుచు" అనేదాకా కాలు ఎత్తకూడదు. ఒకసారి ముందే ఎత్తేస్తే గాలి లోపలికి పీల్చుకుని మొత్తం పని మొదటికొచ్చింది, ఆ రోజు నాకు బన్ను లేదు.

కాబట్టి తమ్ముడితో వాదన దేని మీదంటే, అంబాసిడర్‌కీ దీనికీ మధ్యలో చేరిన ఆ ఏబీఎస్ పెట్టె మీద. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, అంటే ఆ తర్వాత కొన్న బండికి ఇంట్లో ఎవరు బ్రేకుల పని చేసుకున్నా ఆ పెట్టె ఉన్న బండి మీదే చేసుకోవాలి. దానికి భయపడేముందు అందులో ఏముందో చూడాలి కదా.

పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది మాస్టర్ సిలిండర్. దాని నుంచి వచ్చే పైపులు నేరుగా చక్రాలకి పోకుండా ఈ పెట్టెలో దూరి బయటికొస్తాయి. లోపల ఒక్కో చక్రానికి రెండు వాల్వులు. ఒకటి ఆయిల్‌ని చక్రానికి పంపేది, ఇది మామూలప్పుడు తెరిచే ఉంటుంది. రెండోది చక్రం నుంచి ఆయిల్‌ని వెనక్కి వదిలేది, ఇది మామూలప్పుడు మూసే ఉంటుంది. గట్టిగా బ్రేకు కొట్టి చక్రం బిగుసుకుని జారబోతుంటే మొదటి వాల్వు మూసుకుంటుంది, అది చాలకపోతే రెండోది తెరుచుకుంటుంది, చక్రం దగ్గరి ఆయిల్ కొంచెం ఒక చిన్న గదిలోకి వచ్చి పడుతుంది, పక్కనే ఉన్న మోటారు పంపు దాన్ని తోడి మళ్లీ మాస్టర్ సిలిండర్ వైపు నెడుతుంది. ఇదంతా సెకనుకి చాలాసార్లు. వానలో గట్టిగా బ్రేకు కొడితే కాలి కింద పెడల్ గడగడలాడేది ఇందుకే.

ఇప్పుడు ఆలోచించండి. బండి ఇంటి ముందు నిలబడి ఉంది, ఏబీఎస్ నిద్రలో ఉంది, పంపే వాల్వు తెరిచే ఉంది. మనం పెడల్ తొక్కి చక్రం దగ్గర నిప్పల్ విప్పితే ఆయిల్ ఆ పెట్టెలోంచి సాఫీగా, అంబాసిడర్లో పోయినట్టే పోతుంది. మూసి ఉన్న వాల్వు వెనకాల, ఆ చిన్న గదిలో, పంపులో కాస్త పాత ఆయిల్ మిగిలిపోతుంది, అంతే. అది ఎప్పుడో ఏబీఎస్ పనిచేసినప్పుడు కొత్త ఆయిల్లో కలుస్తుంది, దానివల్ల కొంపలేమీ మునగవు. కంప్యూటర్ కావాల్సింది ఆ మూసి ఉన్న భాగంలోకి గాలి దూరినప్పుడు, లేదా మాస్టర్ సిలిండరో ఆ పెట్టో మార్చినప్పుడు. ఉత్త ఆయిల్ మార్పుకి మా బండి లాంటి మామూలు బండ్లలో అక్కర్లేదు. అయితే హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో కొన్నిటికి బ్రేకు బలం కరెంటుతో వచ్చే ఏర్పాటు ఉంటుంది, వాటి జోలికి ఇంట్లో పోవద్దు, నేనైనా పోను.

తమ్ముడు ఒప్పుకోలేదు గానీ ఆదివారం పొద్దున పెడల్ తొక్కడానికి ఒప్పుకున్నాడు.

సామాన్లు శనివారమే తెచ్చాను. బోనెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 అని ఉంది, అదే అరలీటరు సీసాలు రెండు. స్పేర్ పార్ట్స్ షాపాయన "ఏ మెకానిక్ పంపించాడు మేడం?" అన్నాడు, "మెకానిక్ చిత్తూరులో ఉన్నాడు" అన్నాను, అబద్ధం కాదు. మూత మీద ఏది రాసుంటే అదే కొనండి. డాట్ 5 అని ఒకటుంది, అది సిలికాన్ రకం, దీంతో కలవదు, ఏబీఎస్ బండికి పనికిరాదు. 5.1 అనేది మళ్లీ గ్లైకాల్ రకమే, పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. మెడికల్ షాపులో సెలైన్ ఎక్కించే సెట్టు ఒకటి, 50 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి. సెలైన్ ట్యూబు పారదర్శకంగా ఉంటుంది, నిప్పల్‌కి బిగుతుగా పడుతుంది, ఎన్ని రోజులు వాడతాం, ఒక్క పూట. జాకీ ఉంది, కానీ జాకీ మీదే బండిని నమ్మి కింద చేయి పెట్టొద్దు, పక్క వీధి పంక్చర్ షాపులో రెండు స్టాండ్లు అడిగి తెచ్చాను. వెనక నిప్పల్స్ తుప్పు పట్టి ఉంటాయని రాత్రే చక్రాలు విప్పి తుప్పు వదిలే స్ప్రే కొట్టి పడుకున్నా.

పొద్దున ఆరున్నరకి మొదలు. ముందు బోనెట్ తెరిచి, ఆయిల్ డబ్బా మూత చుట్టూ బట్టతో తుడిచి, మూత తీసి సిరంజితో పాతది లాగేశాను. కొత్త ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది. ఇందులోంచి వచ్చింది రెండో డికాక్షన్. పూర్తిగా ఖాళీ చేయకూడదు, అడుగున ఆయిల్ పైపు నోళ్లు మునిగి ఉండాలి, లేకపోతే గాలి. తర్వాత మూత దాకా కొత్తది పోశాను.

చక్రాల వరస బండిని బట్టి మారుతుంది, మీ మాన్యువల్ చూసుకోండి. మా నాయన లెక్క మాస్టర్ సిలిండర్‌కి ఎక్కువ దూరం ఉన్నది ముందు. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు కాబట్టి మొదట వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మా మాన్యువల్ కూడా అదే చెప్పింది.

వెనక ఎడమ డ్రమ్ము నిప్పల్ కదల్లేదు. ఇక్కడే చాలామంది నిప్పల్ విరగ్గొట్టుకుని షెడ్డుకి పోతారు. 8 నంబర్ పానా, నోరు తెరిచి ఉండేది కాదు, రింగు పానా, అదీ ఆరు మూలలది. ముందు చిన్న సుత్తితో నిప్పల్ నెత్తిన టిక్కు టిక్కు అని నాలుగు దెబ్బలు, గట్టిగా కాదు, గుడ్డు పెంకు పగలగొట్టేంత. తర్వాత వదులు చేసే వైపు కాకుండా బిగించే వైపు ఒక వెంట్రుకవాసి. అప్పుడు వదులు వైపు. కిర్రుమని ఒక చిన్న చప్పుడు వచ్చి కదిలింది, ఆ చప్పుడు వినడం కోసమే ఈ పని చేయొచ్చు అనిపించింది నాకు. పానా నిప్పల్ మీద అలాగే ఉంచి, ట్యూబు ఒక కొస నిప్పల్‌కి తొడిగి, రెండో కొస ప్లాస్టిక్ సీసాలో అడుగున కొంచెం కొత్త ఆయిల్ పోసి అందులో ముంచాను.

పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టాను, దేవుడి గూడు చేయించినప్పుడు మిగిలింది. ఇది ముఖ్యం. రోజూ మనం తొక్కేటప్పుడు పెడల్ సగం దాకే పోతుంది, మాస్టర్ సిలిండర్లో ఆ మిగతా సగం ఎన్నేళ్లుగానో ఎవరూ తిరగని దారి, మడ్డి, తుప్పు పేరుకుని ఉండొచ్చు. నిప్పల్ విప్పినప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కేస్తే లోపలి రబ్బరు సీళ్లు ఆ గరుకు మీద రుద్దుకుని చిరిగిపోతాయి. బ్లీడింగ్, అంటే ఇలా నిప్పల్ విప్పి ఆయిల్, గాలి వదిలించడం, చేయించిన మర్నాడు మాస్టర్ సిలిండర్ పోయింది అని తిట్టుకునేవాళ్ల కథల్లో సగం ఇదే అనుకుంటున్నాను.

"తొక్కు."

"తొక్కినా."

"పట్టు." నిప్పల్ పావు చుట్టు వదులు. ట్యూబులో కాఫీ రంగు చీమల బారులా పాకుతూ వచ్చింది. బిగించాను. "ఇడుచు."

"ఏందక్కా ఇడుచు? వదులు అని చెప్పు."

"పట్టుకున్నది వదలడానికి మనింట్లో మాట అదే."

ఓ ముప్పై సార్లకి కాఫీ పోయి టీ అయింది, టీ పోయి తేనె అయింది. అయిదారు తొక్కులకి ఒకసారి లేచి పోయి డబ్బాలో ఆయిల్ చూసి పోయడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. వెనక కుడిది తొందరగా అయిపోయింది. మధ్యలో ఒక చుక్క తమ్ముడి స్కూటర్ మడ్‌గార్డ్ మీద పడింది, చూసుకోలేదు, పదిన్నరకి చూస్తే పెయింటు పాలమీగడలా ముడతపడి లేచింది. పడిన వెంటనే నీళ్లతో కడిగేస్తే ఏమీ కాదు, బట్టతో తుడిస్తే ఇంకా పామినట్టు. వాడు ఆ మచ్చని ఇప్పటికీ చుట్టాలందరికీ చూపిస్తున్నాడు.

మూడో చక్రం, ముందు ఎడమ. క్యాలిపర్‌లో ఆయిల్ ఎక్కువ పడుతుంది, డ్రమ్ములో సిలిండర్ చిన్నది, ఈ తేడా తెలిసీ నేను పాత లెక్కలోనే ఉన్నా. ఎనిమిదో తొక్కు అవుతుండగా అమ్మ గుమ్మంలోకి వచ్చి "బిన్నా రాండి, దోసెలు ఆరిపోతా ఉండాయి" అంది, ఆ తర్వాత అంగడి నుంచి కొత్తిమీర ఎవరు తెస్తారనే దాని మీద అమ్మకీ తమ్ముడికీ మాటలు మొదలయ్యాయి, నేను మధ్యలో తొక్కు పట్టు ఇడుచు అంటూనే ఉన్నా, ఎన్నోదో లెక్క తప్పింది. ట్యూబులో తేనె రంగు వస్తుండగా హఠాత్తుగా ఆవగింజంత బుడగ. తర్వాత నాలుగు. తర్వాత ట్యూబు నిండా తెల్లటి నురగ, సోడా కొట్టినట్టు. బోనెట్ కింద చూసేసరికి డబ్బా అడుగు కనిపిస్తోంది.

అప్పటికి జరిగిన నష్టం పెద్దది కాదు. గాలి మాస్టర్ సిలిండర్లోకీ, అక్కడి నుంచి ఆ ఒక్క పైపులోకీ పోయింది. డబ్బా నింపి, ఓపిగ్గా మళ్లీ నాలుగు చక్రాలూ మొదటి నుంచి కొట్టుకుంటూ వస్తే తెరిచి ఉన్న వాల్వుల గుండా వచ్చిన దారినే పోయేది. నేను ఆ మూడో చక్రాన్ని మాత్రం ఇంకో పదిసార్లు కొట్టి, నాలుగోది కానిచ్చి, నిప్పల్స్ బిగించి, చక్రాలు వేసేశాను. పెడల్ మునుపటికంటే మెరుగే, కానీ పైన కొంచెం మెత్తగా ఉంది. "కొత్త ఆయిల్ కదా, సర్దుకుంటుంది" అని నాకు నేనే చెప్పుకున్నా. ఏం సర్దుకుంటుంది? గాలికి కాళ్లున్నాయా దిగి పోవడానికి?

తర్వాత చేసింది ఇంకా తెలివితక్కువ పని. చంద్రగిరి వైపు ప్లాట్లు వేసి అమ్ముతున్న వెంచర్లు ఉన్నాయి కదా, రోడ్లు వేసి హద్దురాళ్లు పాతి వదిలేసినవి, మనిషి తిరగడు. నిదానంగా అక్కడికి తీసుకెళ్లి, నెట్లో చదివిన చిట్కా ఒకటి ప్రయోగించాను. గులకరాళ్ల మీద ముప్పై వేగంలో గట్టిగా బ్రేకు కొడితే ఏబీఎస్ లేస్తుంది, పెట్టెలో ఉన్న గాలి బయటికొస్తుంది, తర్వాత ఇంకోసారి బ్లీడింగ్ కొడితే సరి అని. కొట్టాను. పెడల్ గడగడలాడింది, దుమ్ము లేచింది, తమ్ముడు డాష్‌బోర్డు పట్టుకున్నాడు. మూడుసార్లు కొట్టేసరికి పెడల్ ముందుకంటే అధ్వానం అయింది.

ఎందుకో ఆ పూట అర్థం కాలేదు. రాత్రి కాగితం మీద వాల్వుల బొమ్మ గీసుకుంటే అప్పుడు తెలిసింది. నా బండిలో పెట్టె లోపల గాలి లేదు. గాలి ఉన్నది పైపుల్లో. నేను పోయి ఏబీఎస్‌ని లేపితే మూసి ఉన్న రెండో వాల్వు తెరుచుకుంది, పైపులో ఉన్న నురగ ఆయిల్ ఆ చిన్న గదిలోకి పోయింది, మళ్లీ వాల్వు మూసుకుంది. దొంగని నేనే తలుపు తీసి లోపల పెట్టి గడియ వేశాను. ఆ చిట్కా అబద్ధం కాదు, పైపులన్నీ శుభ్రంగా ఉండి, పెట్టెలో మాత్రమే గాలి మిగిలినప్పుడు పనికొస్తుంది. పైపుల్లో గాలి ఉందన్న అనుమానం రవ్వంత ఉన్నా ఏబీఎస్ లేచేలా తొక్కకూడదు. అసలు మెత్తటి పెడల్‌తో బండిని గేటు దాటించడమే తప్పు, వెంచర్ ఖాళీగా ఉంది కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాను గానీ.

నాయనకి ఫోన్ చేశాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే.

"మూత తీసి చూసినావా, లేదా?"

"చూస్తానే ఉన్నా నాయినా, మధ్యలో దోసెలు..."

"దోసెలు యాడికి పోతాయి మే."

మా వీధి చివర కార్ల కరెంటు పనులు చేసే ఒకన్న దగ్గర స్కానర్ ఉంది. బండిని అక్కడిదాకా కూడా తోలకుండా ఆయన్నే ఇంటికి పిలిచాను. స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకి వైరు తగిలించి, స్క్రీన్‌లో వెతుక్కుంటూ పోయి ఏబీఎస్ బ్లీడింగ్ అనే చోట ఆగాడు. అన్ని స్కానర్లలో ఇది ఉండదు, ఇంజిన్ లైటు ఆర్పే చిన్నవాటిలో అసలు ఉండదు, కాబట్టి పిలిచే ముందే ఫోన్‌లో అడగండి. తమ్ముడు పెడల్ తొక్కి పట్టుకున్నాడు, ఆయన నొక్కాడు, బోనెట్ కింద పెట్టె గుర్రుమంది, మిక్సీలో చట్నీకి కొబ్బరి సరిగ్గా నలగనప్పుడు వచ్చే చప్పుడు. "అక్కా, ఇది నా కాలిని తంతా ఉంది" అన్నాడు తమ్ముడు. స్కానర్ ఒక్కో చక్రం వాల్వుల్ని తెరుస్తూ మూస్తూ పంపుని తిప్పుతుంది, లోపల ఇరుక్కున్న గాలి పైపుల్లోకి వస్తుంది. అది అయ్యాక మళ్లీ మామూలుగా నాలుగు చక్రాలు, మళ్లీ స్కానర్, మళ్లీ నాలుగు చక్రాలు. మొదటి రౌండులో ముందు ఎడమ చక్రం దగ్గర చిక్కటి నురగ వచ్చింది, రెండో రౌండులో రెండు మూడు బుడగలు, ఆ తర్వాత ఉత్త తేనె. మళ్లీ తెప్పించిన మూడో సీసా ఆయిల్ కూడా అయిపోయింది. ఈసారి అమ్మని డబ్బా దగ్గర స్టూలేసి కూర్చోబెట్టాను, చేతిలో సీసా, గీత కిందికి దిగితే అరవమని. ఆమె గీత తాకకముందే అరిచింది, ప్రతిసారీ.

"మీరే చేసుకుంటారా మేడం పనులు?" అన్నాడు ఆ అన్న వైరు చుట్టుకుంటూ. "ఆయిల్ మార్పు వరకే పిలవకుండా చేసుకోండి, గాలి దూరితే మాత్రం నన్ను పిలవండి, ముందే పిలవండి." వెంచర్ సంగతి ఆయనకి తమ్ముడు చెప్పేశాడన్నమాట.

చివర్లో చేయాల్సినవి చిన్నవే. ఇంజిన్ ఆపి ఉండగా పెడల్ అయిదారుసార్లు తొక్కితే రాయిలా గట్టిపడాలి, అలాగే తొక్కి పట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొంచెం కిందికి జారి ఆగాలి, అది కాలి బలాన్ని పెంచే బూస్టర్ పని, భయపడక్కర్లేదు. ఆగాక అర నిమిషం పట్టి ఉంచినా ఇంకా కుంగకూడదు, కుంగితే ఎక్కడో కారుతోంది లేదా మాస్టర్ సిలిండర్ సీలు వదిలేసింది. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి ఆరిపోవాలి. నిప్పల్స్ నాలుగిటినీ పొడి బట్టతో తుడిచి, పెడల్ గట్టిగా తొక్కించి, మళ్లీ వేలు పెట్టి చూశాను, తడి లేదు. రబ్బరు టోపీలు తొడగడం మర్చిపోవద్దు, అవి లేకే నిప్పల్స్ తుప్పు పడతాయి. పాత ఆయిల్ సింకులోనో మొక్కల్లోనో పోయకుండా, వాడేసిన ఇంజిన్ ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న షెడ్డులో ఇచ్చేశాను. తెరిచిన సీసాలో మిగిలినదాన్ని వచ్చే ఏడాదికి దాచుకోవద్దు, సీసాలో ఉన్నా అది తేమ తాగుతూనే ఉంటుంది.

తర్వాతి వారం ఒక్కదాన్నే మళ్లీ కొండకి పోయి దిగొచ్చాను. ఈసారి పైనుంచే రెండో గేరు. బ్రేకు మలుపుకి ముందు ఒకసారి గట్టిగా, తర్వాత కాలు తీసేయడం. పెడల్ అలిపిరి దాకా ఒకే ఎత్తులో ఉంది.

మొన్న అమ్మని చిత్తూరులో దింపడానికి వెళ్లినప్పుడు నాయన పలకరింపులు కూడా కాకుండానే బండి తాళం అడిగాడు. ఇంజిన్ వేయలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి, వట్టి కాలితో పెడల్ మూడుసార్లు తొక్కాడు. మూడోసారి తొక్కి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తమ్ముడు నా వంక చూశాడు, నేను నేల చూశాను. కాసేపటికి కాలు తీశాడు.

"గాలి లేదు. వెనక డ్రమ్ములు ఒక రవ్వ బిగించాల."

డ్రమ్ములు విప్పి చూస్తే ఎడమ పక్కది నిజంగానే వదులుగా ఉంది, తనంతట తాను సర్దుకోవాల్సిన అడ్జస్టర్ తుప్పు పట్టి కదలకుండా ఉంది. దాన్ని శుభ్రం చేయడానికి ఇంకో ఆదివారం పట్టింది.